బావ కాలా, బామ్మర్ది వీపా

ఆ వీధిలో ఆమెను అందరూ రిఫరీ అంటారు. ఆమె ఏనాడూ మైదానంలో దిగింది లేదు, ఈల పట్టింది లేదు. బోర్డుల షాపులో గల్లాపెట్టె దగ్గర కూర్చుంటుంది, అంతే. ఆమెకు ఎడమవైపు బల్ల దగ్గర భర్త ఇత్తడి రేకు నుంచి సన్న రంపంతో అక్షరాలు కోస్తాడు. కుడివైపు బల్ల దగ్గర తమ్ముడు ఆ అక్షరాలకు వెనక మేకులు అతికించి, తీసుకెళ్ళి గోడలకెక్కిస్తాడు. రెండు బల్లల మధ్య దూరం చెయ్యి చాస్తే అందేంత. అయినా ఆ బావా బామ్మర్దులు ఒకరితో ఒకరు మాట్లాడుకోరు.

మాట్లాడుకోకపోతే పనెలా నడుస్తుంది? ఆమె మీదుగా నడుస్తుంది.

"అక్కా, ఈ 'క' కింద ఇంకాస్త అరగదియ్యాలని బావకి చెప్పు. చెయ్యి కోసుకుంటోంది."

"ఏమండీ, 'క' కింద ఇంకాస్త అరగదియ్యాలట."

"నిన్ననే ఆకురాయి పెట్టాను. ముందు కళ్ళజోడు మార్చుకోమను."

"కళ్ళజోడు మార్చుకోవాలటరా."

"విన్నాన్లే అక్కా."

వినకేం, వాడికి చెవులు లేవా? కానీ ఆమె నోటిమీదుగా వస్తే తప్ప అది మాట కింద జమ కాదు. షాపుకు వచ్చినవాళ్ళు మొదట్లో నవ్వేవాళ్ళు, తర్వాత అలవాటుపడి తాము చెప్పాల్సింది కూడా ఆమెకే చెప్పేవాళ్ళు. అలా పాతికేళ్ళ పైమాటే అయింది. ఆమె గొంతు అరిగిపోయింది గానీ వాళ్ళ పంతం అరగలేదు.

ఇంతా చేసి తగువు ఒక గోల్ గురించి. పొలం గట్టు గురించి కాదు, బంగారం గురించి కాదు, ఒక్క గోల్.

ఆ ఇద్దరూ ఒకప్పుడు దేశం ఫుట్‌బాల్ జట్టులో ఆడినవాళ్ళే. భర్త ముందు వరసలో, తమ్ముడు వెనక వరసలో. ఆ దేశం ప్రపంచకప్పుకు వెళ్ళింది ఒక్కసారే, మళ్ళీ ఆ గడప తొక్కింది లేదు. మొదటి ఆటలో మూడు గోల్స్ తిని వచ్చారు. రెండో ఆటలో నాలుగు. మూడో ఆట మాత్రం ఒకటీ ఒకటితో సమానం చేసి, తలెత్తుకుని ఇంటికొచ్చారు. కాబట్టి ప్రపంచకప్పులో ఆ దేశం ఆస్తి మొత్తం లెక్కగడితే, ఒక గోల్, దాని పుణ్యాన వచ్చిన ఒక పాయింటు.

ఆ గోల్ పడిన తీరే అసలు గొడవ. మూల నుంచి కొట్టిన బంతి వచ్చి గోల్ ముందు ఆటగాళ్ళ గుంపులో పడింది. భర్త కాలు చాచాడు. తమ్ముడు తోపులాటలో కిందపడి, బంతికి వీపు పెట్టి లేస్తున్నాడు. అవతలి జట్టు వాడొకడు మధ్యలో దూరాడు. బంతి ఎవరికి తగిలిందో ఏమో, వలలో పడింది. ముందుగా చేతులెత్తి పరిగెత్తినవాడు భర్త. ఆటలో రిఫరీ అతని నంబరే రాసుకున్నాడు.

తిరిగొచ్చాక సన్మానం చేశారు. వేదిక మీద భర్త మెడలో దండ వేశాక, తమ్ముడు మైకు లాక్కుని, "ఏదో మా బావకని ఊరుకున్నాను గానీ, ఆ బంతి నా వీపుకు తగిలి లోపలికి పోయింది" అన్నాడు. సరదాకే అన్నాడు. జనం నవ్వారు. దండ వేసుకున్న మనిషికి ఆ నవ్వు ఎక్కడో గుచ్చుకుంది. "వీపుకు తగిలితే దాన్ని గోల్ అనరు, దెబ్బ అంటారు" అన్నాడు. జనం ఇంకా గట్టిగా నవ్వారు. ఈసారి గుచ్చుకోవడం తమ్ముడి వంతయింది. ఆ సాయంత్రం ముడుచుకున్న మూతులు మళ్ళీ విప్పుకోలేదు.

షాపు ఆమె నాన్నది. పోతూ పోతూ కూతురికీ కొడుక్కీ చెరిసగం అని చెప్పి పోయాడు. షాపు పైనే ఇల్లు. మెట్లెక్కితే ఎడమ వాటా వీళ్ళది, కుడి వాటా తమ్ముడిది, నడుమ వంటిల్లు ఇద్దరికీ ఒకటే. ఆమే, తమ్ముడి భార్యా కలిసే వండుతారు. మొగుళ్ళు అటొకడు ఇటొకడు ఎడమొహం పెడమొహంగా తింటారు. ఇదీ ఒక సంసారమేనా అని ఆమెకు అప్పుడప్పుడు విసుగొచ్చేది గానీ, ఇద్దరూ కంటి ముందే ఉన్నారన్న ధైర్యం ఆ విసుగును మింగేసేది.

ఇంతలో స్టేడియానికి కొత్త రంగులు వేశారు. ప్రవేశ హాలులో గోడ మీద దేశం ప్రపంచకప్పు రికార్డంతా ఇత్తడి అక్షరాల్లో పెట్టాలని ఫుట్‌బాల్ సంఘం తీర్మానించింది. సంఘం కార్యదర్శి నేరుగా షాపుకొచ్చాడు.

"ఈ పనికి మీ ఇద్దరికంటే తగినవాళ్ళెవరండీ! ఆడినవాళ్ళూ మీరే, అక్షరాలు చేసేవాళ్ళూ మీరే" అన్నాడు సంబరంగా. పాపం, ఆయన ఆ ఊరికి కొత్త.

ఆయన ఒప్పజెప్పిన వివరం పెద్దదేం కాదు. ఆడినవి మూడు, గెలిచినవి లేవు, ఓడినవి రెండు, సమానం ఒకటి. కొట్టిన గోల్ ఒకటి, తిన్నవి ఎనిమిది. చివరి వరసలో గోల్ చేసినవారి పేరు. తిన్న ఎనిమిదింటి గురించి బావా బామ్మర్దులకు ఏ పేచీ లేదు. అంకె చక్కగా కోశారు, చక్కగా మెరుగుపెట్టారు. చివరి వరస దగ్గరికొచ్చేసరికి తమ్ముడు సుత్తి కింద పెట్టాడు.

"అక్కా, ఆ పేరు నా చేత్తో గోడకెక్కించను. ఎక్కించాల్సిందే అంటే, ఆ రోజే నా వాటా మిషన్లు లారీకెత్తిస్తాను. వంతెన అవతల షెడ్డు చూసే వచ్చాను."

బెదిరింపనుకుంది ఆమె. పైకెళ్ళి వంటింట్లో అడిగితే మరదలు తలూపింది.

"నిజమే వదినా. నన్నూ తీసుకెళ్ళి చూపించారు. కిటికీ కూడా లేదు దానికి. నేనెలా ఉండాలి అందులో?"

భర్త మాత్రం తక్కువ తిన్నాడా? "పోతే పోనీ. వాడి వీపు పేరు చెప్పుకుని వాణ్ణి బతకమను" అన్నాడు. అలా అన్నాక ఆ పూట రంపం రెండుసార్లు విరగ్గొట్టుకున్నాడు.

అగ్నికి ఆజ్యం పోసినట్టు నాలుగు రోజులకు కార్యదర్శి మళ్ళీ వచ్చాడు. గోడ మీద పెట్టేముందు పేరు సరిచూసుకుందామని ప్రపంచకప్పు రికార్డుల కమిటీని అడిగాడట. వాళ్ళ దగ్గర గోల్ వెనక నుంచి తీసిన పాత రీలొకటి దొరికిందట. ఇన్నాళ్ళూ ఎవరూ చూడనిది.

"ఏం కనిపిస్తోంది అందులో?" ఇద్దరూ ఒకేసారి అడిగారు, ఇద్దరూ ఆమెనే.

"మూడు కాళ్ళు, ఒక వీపు" అన్నాడు కార్యదర్శి. "రీలు మసకబారిపోయింది. చివర్లో తగిలింది అవతలి జట్టు వాడి తొడకేమోనని వాళ్ళ అనుమానం. అదే ఖాయమైతే సెల్ఫ్ గోల్ కింద అతని పేరే రాస్తారు. కానీ ఆటగాళ్ళ మాటకు విలువుంది. మీ ఇద్దర్నీ విడివిడిగా అడుగుతారు. ఇద్దరూ ఒకే పేరు చెబితే ఆ పేరే ఉంచుతారు. చెరొక పేరు చెప్పారో, గోల్ అవతలివాడి ఖాతాలోకి పోతుంది."

ఆయన వెళ్ళాక ఆమె ఇద్దరి మొహాలూ చూసింది. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందని ఊరికే అన్నారా? వీళ్ళు ఇలాగే కొట్టుకుంటే ఆ పిల్లి వచ్చి గోల్ నోట కరుచుకుని పోతుంది. పోతే పోయింది గానీ, తప్పు నీదంటే నీదని తమ్ముడు లారీ తేవడం మాత్రం ఖాయం. ఆమెకు గోల్ ఎవరిదైనా ఒకటే. లారీ రాకుండా ఉంటే చాలు.

ఆ సాయంత్రం భర్త డాబా మీద ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్ళి పక్కన కూర్చుంది.

"ఏమండీ, మీరు పెద్దవారు. వాడి పేరు చెప్పెయ్యండి. ఇన్నాళ్ళు మీదే కదా, మీకు చాలదా?"

"నేను చదివింది లేదు, సంపాదించింది లేదు" అన్నాడు ఆయన. "ఏ ఊరెళ్ళినా, ఆ గోల్ మీదేనా అంటారు. అదొక్కటే నాకుంది. అది కూడా ఇచ్చెయ్యమంటావా?"

ఆమె లేచి కిందికి దిగొచ్చింది.

మర్నాడు పొద్దున్నే షాపు తీసేవేళ తమ్ముణ్ణి పట్టుకుంది.

"ఒరేయ్, నువ్వు చిన్నవాడివి. బావ పేరు చెప్పెయ్యి. ఆయనకదొక్కటే ఉందిరా."

"నాకేముందక్కా?" అన్నాడు వాడు షట్టరు సగంలో ఆపి. "వెనక వరసలో ఆడినవాణ్ణి. ఎనిమిది తిన్నారంటే ఆ ఎనిమిదీ నావే అంటారు జనం. ఆ ఒక్కటీ నాదని ఎవరో ఒకరు అనాలిగా?"

ఇద్దరి మాటా న్యాయంగానే ఉంది, ఇదెక్కడి ఖర్మ! ఒకరితో అన్నది రెండోవాడికి చెప్పలేదు. పాతికేళ్ళలో అటూ ఇటూ మోయని మాటలు ఆ రెండే.

ఇక ఆశ వదులుకుంది. మరదలితో కలిసి వంటింట్లో గిన్నెలు వేరుచేయడం మొదలుపెట్టింది. పెద్ద కుక్కర్ దగ్గర ఇద్దరూ ఆగిపోయారు.

"కుక్కర్ నాకు, మూత మీకా వదినా?" అంది మరదలు నవ్వబోయి. నవ్వు రాలేదు. ఇద్దరూ ఆ గిన్నెల మధ్యనే కూర్చుని ముక్కులు తుడుచుకున్నారు.

పిలిచిన రోజున ముగ్గురూ ఒకే ఆటోలో సంఘం ఆఫీసుకెళ్ళారు. ఆమె మధ్యలో కూర్చుంది, ఎప్పటిలాగే. దారంతా భర్త ఎడమవైపు వీధి చూశాడు, తమ్ముడు కుడివైపు వీధి చూశాడు. ఏ ఒక్కడు నోరు విప్పినా ఆ రోజు కథ మరోలా ఉండేది. "వాడికి ఏమైనా చెప్పమంటారా?" అని ఆమె భర్తను అడిగింది కూడా. "ఏమీ వద్దు" అన్నాడు. తమ్ముడూ అంతే.

కార్యదర్శి గదిలో కంప్యూటర్ తెర మీద కమిటీవాళ్ళు కనిపిస్తారట. ముందు పెద్దవాణ్ణి పిలిచారు. ఆయన టీ చల్లారేంతసేపైనా లేడు లోపల. బయటికొచ్చి, బెంచీ ఈ చివర కూర్చుని చేతులు రుద్దుకున్నాడు. తర్వాత తమ్ముడు వెళ్ళాడు. వాడూ అంతే త్వరగా వచ్చేసి, బెంచీ ఆ చివర కూర్చున్నాడు. ఇద్దరి మొహాల్లోనూ ఏదో తేలికదనం. పన్ను పీకించుకుని వచ్చినవాళ్ళలా ఉన్నారు. కసి తీరిందన్నమాట అనుకుంది ఆమె, ఒళ్ళు మండుతూ.

కార్యదర్శి తలుపు తీసుకుని వచ్చాడు. ఆయన మొహం ఏడుస్తోందో నవ్వుతోందో తెలియడం లేదు.

"ఇద్దరూ ఒకే మాట చెప్పలేదండీ."

"తెలిసిందేగా" అంది ఆమె.

"లేదమ్మా, మీకు తెలియదు. ఈయన, ఆ గోల్ మా బామ్మర్దిదే, వీపుకు తగలడం నా కళ్ళారా చూశాను, ఇన్నాళ్ళూ అబద్ధమాడాను అన్నారు. ఆయనేమో, ఆ గోల్ మా బావదే, నాకు బంతి తగల్లేదు, ఇన్నాళ్ళూ ఏడిపించడానికి అన్నాను అన్నారు. కమిటీవాళ్ళు కాసేపు తలలు పట్టుకున్నారు. చెరొక పేరు చెప్పారు కాబట్టి రూలు ప్రకారం సెల్ఫ్ గోల్ అని రాసేశారు. ఇక మార్చడానికి లేదు."

భర్త మెల్లగా తల తిప్పి, ఆమె మీదుగా, తమ్ముడి వైపు చూశాడు.

"నా పేరెందుకు చెప్పావురా, బుద్ధిలేనోడా?"

ఆ ప్రశ్న తమ్ముడికి చేరవెయ్యడానికి ఆమె అలవాటుగా తల తిప్పింది. అప్పటికే వాడు లేచి నిలబడ్డాడు.

"నువ్వెందుకు చెప్పావు బావా నా పేరు? నిన్నెవడు చెప్పమన్నాడు?"

"మీ అక్క చెప్పమంది!"

"నన్నూ అక్కే చెప్పమంది!"

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. ఆమెకు అప్పుడు తలకెక్కింది. ఒక్కణ్ణి బతిమాలి ఊరుకుంటే సరిపోయేది. లేదా ఒకడితో అన్నది రెండోవాడి చెవిన వేసినా సరిపోయేది. ఇన్నేళ్ళు ఉప్పు తక్కువైందన్న కబురు కూడా పొల్లుపోకుండా మోసిన మనిషి, మోయాల్సిన మాట మోయకుండా కడుపులో దాచుకుంది. దేశానికున్న ఒక్క గోలూ తన చేతుల మీదుగా పోయింది. నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపొచ్చింది, రెండూ కలిసొచ్చి బెంచీ మీద కూలబడింది.

"అక్కనేమీ అనకు బావా" అన్నాడు తమ్ముడు.

"నేనేమన్నానురా? నువ్వే అరుస్తున్నావు."

తిరుగు ప్రయాణంలో ఆమెను పక్కకు జరిపి ఇద్దరూ ఒక పక్కన కూర్చున్నారు. ఇల్లు చేరేదాకా కమిటీని తిట్టారు, రీలును తిట్టారు, ఆ అవతలివాడి తొడను తిట్టారు. ఇంటికొచ్చాక మాత్రం భర్త అన్నం ముట్టలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. తమ్ముడు గుమ్మంలో నిలబడి, లోపలికి రావాలా వద్దా అని తచ్చాడి, చివరికి కంచం తనే తీసుకొచ్చి మంచం పక్కన పెట్టాడు.

"తిను బావా. పోయింది నీ ఒక్కడిదే కాదు."

భర్త లేచి కూర్చున్నాడు. ఆ మాట ఎంత నిజమో ఆయనకు తెలుసు. సగం తిని, సగం వాడి ముందుకు నెట్టాడు. షెడ్డు సంగతి ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. వేరుచేసిన గిన్నెలను మరదలు చప్పుడు చెయ్యకుండా ఒకే అరలో సర్దేసింది.

కానీ గోడ పని మిగిలే ఉంది. చివరి వరసలో ఇప్పుడు అవతలివాడి పేరు పెట్టాలి, పక్కన సెల్ఫ్ గోల్ అని రాయాలి. ఆ పేరు రైలుబండంత ఉంది.

"వీడికి పేరు పెట్టినవాళ్ళు రేకు ఖరీదు చూసుకోలేదు బావా" అన్నాడు తమ్ముడు, కాగితం అచ్చు రేకు మీద అతికిస్తూ.

"మాట్లాడకుండా గట్టిగా పట్టుకో. వంకరపోతుంది."

ఆ పేరును భర్త తన పేరైతే ఎలా కోసేవాడో అలాగే కోశాడు. ఒక్క అంచు గరుకు లేదు. తమ్ముడు ప్రతి అక్షరం మీదా వేలు పోనిచ్చి చూశాడు, ఒక్కదానికీ వంక పెట్టలేదు. గల్లాపెట్టె దగ్గర ఆమెకు చెప్పాల్సిన మాటేమీ లేదు. అటు మాట వినిపించినప్పుడల్లా తల ఇటు తిరిగేది, తిరిగిన తలను మళ్ళీ వెనక్కి తెచ్చుకునేది. ఇంత తీరిక ఏం చేసుకోవాలో ఆమెకు తోచలేదు.

గోడకెక్కించే రోజున ఆమె కూడా స్టేడియానికి వెళ్ళింది. తమ్ముడు నిచ్చెనెక్కి రసమట్టం పెట్టి వరస వంకరపోకుండా చూసుకుంటూ బిగిస్తున్నాడు. కింద భర్త నిచ్చెన పట్టుకుని ఒక్కో అక్షరం అందిస్తున్నాడు. చివరి అక్షరం బిగిశాక గోడంతా నిగనిగలాడింది. హాలు తుడిచే పెద్దాయన చీపురు ఆనించి, గోడ మీదున్నదంతా నిదానంగా చదువుకున్నాడు.

"అంటే మనం కొట్టిన ఒక్క గోలూ అవతలివాడే కొట్టాడా? మరి మనవాళ్ళెక్కడున్నారు అప్పుడు?"

"అక్కడే ఉన్నాం" అన్నాడు భర్త. "ఆ రాసింది నమ్మకండి. అది మా బామ్మర్ది వీపుకు తగిలింది."

"ఆయన మాట వినకండి" అన్నాడు తమ్ముడు నిచ్చెన మీంచి. "బావ కాలికే తగిలింది. నేను చూశాను."

"నువ్వెలా చూస్తావురా, అటు తిరిగి ఉన్నవాడివి?"

"మరి నువ్వు మాత్రం చూశావా? ముందే చేతులెత్తి పరిగెత్తావుగా!"

పెద్దాయన ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, ఆమె దగ్గరికొచ్చాడు.

"మీరు చెప్పండమ్మా. ఇంతకీ ఎవరిది?"

"నన్నడక్కండి" అంది ఆమె. "నేనా ఉద్యోగం మానేశాను."

నిచ్చెన మీద ఒకడు, నిచ్చెన కింద ఒకడు ఇంకా పోట్లాడుకుంటూనే ఉన్నారు, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ.